అరటిపండును, అరటికాయయు

అరటిని మనము చెట్టని పిలుచుచున్నను, అది నిజమునకు చెట్టు గాదు. ఆకుల తొడుగులు ఒకదానినొకటి చుట్టుకొనుటచేత దాని బోదె యేర్పడినది. గెల వేసిన పిమ్మట ఆ బోదె నశించును. ప్రక్క పిలకలు వంశమును నిలుపును. చక్కెరకేళి, అమృతపాణి పండుగా తినుటకును, బొంత కూరకును పేరుపడినవి.

నూరు గ్రాముల అరటిపండులో నించుమించు 75 గ్రాములు నీరే. చక్కెరలును పిండియు కలిసి 23 గ్రాములు. మాంసకృత్తులు ఒక గ్రాము మాత్రమే. పొటాషియమను లవణము 350 మిల్లీగ్రాములకు పైగా నుండును. బి6 విటమినును గలదు. ఇనుము మాత్రము మిక్కిలి స్వల్పము. కావున రక్తహీనతకు అరటిపండే మందనెడు మాట మాకు సమ్మతము గాదు.

పచ్చికాయ సంగతి వేఱు. దానిలోని పిండి కొంత చిన్నప్రేగులలో జీర్ణము గాక పెద్దప్రేగును జేరును. అచ్చటి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి కొన్ని యామ్లములను పుట్టించును. వాని సాయమున ప్రేగుగోడ నీటిని, ఉప్పును లోనికి పీల్చుకొనును. విరేచనములకు ఉడికిన అరటికాయ పెట్టెడు పెద్దల యాచారమున కిట్లు ఆధారము గలదు. బంగ్లాదేశమున, దీర్ఘకాలము విరేచనములతో బాధపడు శిశువులకు ఉడికిన పచ్చికాయ కలిపిన అన్నము పెట్టగా, వట్టి అన్నము తినిన వారికంటె త్వరగా నెమ్మదించినదని 2001లో వైద్యులు ప్రకటించిరి. అయినను తల్లులకు ఒక మాట చెప్పవలసియున్నది. ఈ రోగమున బిడ్డ ప్రాణమునకు ముప్పు తెచ్చునది ముఖ్యముగా ఒంటినీరు పోవుటయే. ఓ.ఆర్.ఎస్. నీళ్లు మొదట, అరటికాయ తరువాత. చనుబాలు మానిపించరాదు.

అరటిని మందుగా బొగడుటలో నెంత జాగ్రత్త వలయునో సీలియాక్ అను ప్రేగుల వ్యాధి చరిత్ర చెప్పుచున్నది. 1924లో న్యూయార్కు నగరపు వైద్యుడు సిడ్నీ హాస్ ఆ వ్యాధితో శుష్కించిన పిల్లలకు రొట్టె మొదలైనవి మాన్పించి, అరటిపండ్లు విరివిగా తినిపించెను. పిల్లలు కోలుకొనిరి! అరటిలో నేదో మహత్తు గలదని లోకము నమ్మినది. హాలెండు దేశపు శిశువైద్యుడు విల్లెం డిక్కె, గోధుమయే ఆ పిల్లలకు విషమని కనిపెట్టి, 1950లో తన సిద్ధాంతగ్రంథమున నిరూపించెను. పిల్లలను బాగుచేసినది పండు గాదు, రొట్టె లేకపోవుటయే. పండుకే కీర్తి నిచ్చి, కోలుకొన్న బిడ్డకు మరల రొట్టె పెట్టినచో రోగము తిరిగి రాక మానదు గదా!

మూత్రపిండములు చెడిన వారికి పొటాషియము హాని చేయవచ్చును. అట్టివారు వైద్యు నడుగక అరటిపండు తినరాదు. తక్కిన వారికి, బడికి వచ్చు పిల్లలకు ముఖ్యముగా, బజారు మిఠాయికంటె అరటిపండు మేలైనది. తొక్క దానికి సహజమైన పొట్లము.