పక్షవాతం వంశపారంపర్యమా?

"దాదాకు వచ్చింది, అబ్బాకు వచ్చింది, రేపు నాకూ వస్తుంది. ఇక బి.పి. మాత్రలు మింగి ఏం లాభం?" మన బస్తీల్లో తరచు వినిపించే మాట ఇది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ కొంత నిజాన్ని పట్టుకుని మాత్రలు మానేసేవారే ఎక్కువ నష్టపోతున్నారు.

ముందు నిజమున్న వైపు చూద్దాం. ఒకే ఒక్క జన్యువులోని దోషం వల్ల పక్షవాతం వచ్చే జబ్బులు ఉన్నాయి. 'కాడసిల్' అటువంటిది. 19వ క్రోమోజోముపై ఉన్న నాచ్-3 జన్యువులోని దోషమే దీనికి కారణమని ఫ్రాన్సు శాస్త్రవేత్తలు 1996లో కనుగొన్నారు. తల్లికో తండ్రికో ఈ దోషముంటే, ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. బి.పి., షుగర్ లేనివారికి కూడా నడివయసులో మెదడులోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. అయితే ఇది చాలా అరుదు.

ఇద్దరి నుంచీ దోషం అందితేనే బయటపడే జబ్బులు మరికొన్ని. మేనరికాలు, దగ్గరి బంధువుల పెళ్లిళ్లు మనలో ఉన్నాయి కనుక వీటి గురించి తెలిసి ఉండాలి. సికిల్ సెల్ వ్యాధి ఇటువంటిదే. మన రెండు రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లోనూ ఇది కనిపిస్తుంది. ఈ పిల్లలకు బడి వయసులోనే పక్షవాతం రావచ్చు. తలకు చేసే డాప్లర్ స్కానులో ప్రమాదం ఎక్కువని తేలిన పిల్లలకు క్రమం తప్పక రక్తం ఎక్కిస్తే, పక్షవాతం 90 శాతానికి పైగా తగ్గిందని 1998లో అమెరికాలో వెలువడిన పరిశోధన చూపింది. జన్యువులో లోపం ఉన్నా జబ్బును ఆపవచ్చనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించలేదు.

ఇక మనం రోజూ చూసే పక్షవాతం వేరు. దీని వెనుక ఒక జన్యువు కాదు, చాలా ఉంటాయి. ఒక్కొక్కటి చేసేది రవ్వంత. 2022లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ పరిశోధన ఇలాంటి స్థానాలను 89 గుర్తించింది. వీటిలో కొన్ని బి.పి.ని పెంచే దారిలోనే పనిచేస్తాయి. అంటే వంశం నుంచి వచ్చేది చాలాసార్లు పక్షవాతం కాదు, దానికి దారితీసే బి.పి. దానికి మందు ఉంది!

2018లో బ్రిటన్‌లో 3,06,473 మందిని పరిశీలించారు. జన్యువుల రీత్యా ప్రమాదం ఎక్కువున్నవారికి, తక్కువున్నవారికంటే పక్షవాతం 35 శాతం ఎక్కువగా వచ్చింది. పొగతాగడం, ఊబకాయం, సరైన తిండి, వ్యాయామం లేకపోవడం వంటివి ఉన్నవారికి 66 శాతం ఎక్కువ. వంశం ఎటువంటిదైనా ఈ తేడా కనిపించింది. వారంతా తెల్లజాతివారే కనుక ఆ అంకెలు మనకు అచ్చంగా సరిపోతాయని అనలేము. ఇదే కారణంగా, జన్యు పరీక్ష పేరుతో వేలకు వేలు పోయడం చాలా కుటుంబాలకు అనవసరమని నా అభిప్రాయం.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకుని వెళ్లండి: ఇంట్లో పక్షవాతం ఎవరెవరికి వచ్చింది, ఏ వయసులో వచ్చింది, వారికి బి.పి. ఉందా లేదా. బి.పి. లేకుండానే 50 లోపు ఇద్దరు ముగ్గురికి వచ్చి ఉంటే, ఆ సంగతి ముందుగా చెప్పండి. జన్యు పరీక్ష అవసరమా కాదా అన్నది అప్పుడు న్యూరాలజీ డాక్టరు చూస్తారు.