రచ్చబండకు పెద్ద ఎవరు?

ట్విట్టరు, ఫేస్‌బుక్ వంటివాటికి యజమాని ఒకడుంటాడు. మనం ఎంత ఘనంగా మాట్లాడుకున్నా ఆయన లోగిట్లో మాట్లాడుకుంటున్నట్టే. ఆయనకు కోపం వస్తే మన మూటాముల్లే వీధిలో ఉంటాయి. ఈ బాధ లేకుండా, ఎవరి అరుగు వారిదే అయినా అన్ని అరుగులవారూ పలకరించుకోగల ఏర్పాటు చేయాలని 2016లో జర్మనీలో యూజెన్ రోచ్కో అనే యువకుడు పూనుకున్నాడు. దానికి మస్టొడాన్ అని అంతరించిపోయిన ఒక ఏనుగువంటి జంతువు పేరు పెట్టాడు.

దీన్లో ఓపిక ఉన్నవాడెవడైనా ఒక సర్వరు పెట్టుకోవచ్చు. మన తపాలా సంగతి చూడండి. తెనాలిలో వేసిన కార్డు వరంగల్లు చేరడానికి ఇద్దరూ ఒక ఊరివారు కానక్కరలేదు గదా! ఇదీ అంతే. 2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డేగారి ఖాతాను ట్విట్టరు నిలిపివేసినప్పుడు మన దేశంనుంచి చాలామంది ఇక్కడికి తరలివచ్చారు. 2022 అక్టోబరులో ట్విట్టరు ఎలాన్ మస్క్ చేతికి చిక్కాక వచ్చిన వలస అంతకన్న పెద్దది.

సరే, జమీందారు పోయాడు. మరి తగవు తీర్చేదెవరు?

సర్వరు నడిపే మనిషికి సాధారణంగా జీతం ఉండదు. పగలు సొంత ఉద్యోగం, రాత్రి పరాయివాళ్ళ ఫిర్యాదులు. ఎవరిని ఉంచాలో, ఎవరిని గెంటాలో ఆయన చిత్తం. పొరుగు సర్వరు నచ్చకపోతే దాన్ని మొత్తంగా వెలివేయవచ్చు. అప్పుడు అక్కడ ఏ పాపమూ ఎరుగని మీ స్నేహితుడు కూడా మీకు దూరమవుతాడు. విసుగెత్తి ఆయన దుకాణం కట్టేస్తే వేలమంది దిక్కులేనివారవుతారు. అలా మూతపడినవి లేకపోలేదు. గ్రంథాలయ సంఘాల్లో కార్యదర్శి అలిగితే బీరువా తాళంచెవి కనిపించకుండా పోవడం మనకు కొత్తా?

వెలి ఎప్పుడూ తప్పని నేననను. 2019లో గ్యాబ్ అనే సంస్థ, జాతిద్వేషులకు ఆశ్రయమని పేరుపడినది, మస్టొడాన్ ప్రోగ్రామునే తీసుకుని వాడుకుంది. అది ఎవరైనా తీసుకోవచ్చునని లైసెన్సులోనే ఉంది. కాబట్టి రోచ్కో అడ్డుపడలేకపోయాడు. ఇరుగుపొరుగువారు తలుపులు మూసుకున్నారు. అంతకు మించిన ఆయుధం లేదు. 2023లో మెటా వారి థ్రెడ్స్ ఈ వాడలోకి వస్తామన్నప్పుడు మాత్రం తలుపులు ఒక్కతీరుగా పడలేదు. రోచ్కో రమ్మన్నాడు, చాలామంది సర్వర్లవారు రానివ్వమని ప్రతిజ్ఞాపత్రం మీద సంతకాలు చేశారు.

2017లో ఆరంభమైన సోషల్ కోఆప్ అనే సహకార సర్వరు మరో దారి పట్టింది. సభ్యులు చందాలిస్తారు, చర్చించి ఓట్లు వేస్తారు. పని నత్తనడకే, అయినా నాకు అదే నచ్చింది. రోచ్కో సంగతి వేరు. ఏళ్ళ తరబడి ప్రోగ్రాములో ఏది చేర్చాలన్నా చివరిమాట ఆయనదే. దానిమీద అలిగి వేరు కుంపటి పెట్టినవారూ ఉన్నారు. చివరకు 2025 నవంబరులో ఆయనే అధిపతి పదవి వదిలి, ఆ పేరుమీది హక్కులను లాభాపేక్షలేని సంస్థకు అప్పగిస్తున్నట్టు ప్రకటించాడు.

చేరదలచినవారు ఒక్కటి గమనించాలి. మస్టొడాన్ వారి అధికార పట్టికలోకి ఎక్కాలంటే, సర్వరు మూసేముందు 3 నెలలు గడువిస్తామనీ, అత్యవసరానికి రెండో మనిషి చేతిలోనూ తాళాలు ఉంచుతామనీ సర్వరువారు మాట ఇవ్వాలి. ఆ పట్టికలో లేని సర్వర్లకు ఈ కట్టుబాటు లేదు.