మిక్కీతో భోజనం: లెక్క కుదురుతుందా?

ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో 'షెఫ్ మిక్కీస్' అనే బఫే ఉంది. మనం తింటుంటే మిక్కీ, మిన్నీ, గూఫీ మన టేబుల్ దగ్గరకే వస్తారు. డిన్నర్ పెద్దవాళ్లకి 60 డాలర్ల పైనే. పదేళ్లు నిండితే పెద్దల రేటే, మూడేళ్లలోపు పిల్లలకి ఫ్రీ. హోటల్లో ఉంది కాబట్టి పార్కు టికెట్ అక్కర్లేదు. టికెట్ కొని పార్కుకెళ్తే మిక్కీని వేరే ఖర్చు లేకుండానే కలవొచ్చు, కానీ క్యూ ఉంటుంది. అంటే ఈ బిల్లులో కొంత తిండికి, మిగతాది క్యూ తప్పినందుకు.

అక్క ఈ వేసవిలో అమ్మనీ, నాలుగేళ్ల పాపనీ తీసుకెళ్తానంటే లెక్క నేనే వేశాను. అమ్మ తినేది రెండు ముద్దలు, కట్టేది పూర్తి రేటు. అయినా మోకాళ్ల నొప్పులతో క్యూలో నిలబడలేదు. ఇక్కడైతే మనవరాలి సంబరం కూర్చునే చూస్తుంది. అందుకే ఒక్కపూటకి సరే అన్నాను. పిల్లలు పదేళ్లు దాటిన ఇంటికైతే వద్దనే చెప్తాను.