మిడ్‌వైఫ్ వృత్తి: శిక్షణ, పని స్వభావం

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలని తెలుగులో ఒక సామెత ఉంది. ఇష్టం లేని పని నెత్తిన పడ్డప్పుడు విసుక్కుంటూ అనే మాట అది. కానీ ఈ వృత్తి స్వభావాన్ని ఇంత సూటిగా చెప్పిన వాక్యం పాఠ్యగ్రంథాలలో కూడా నాకు కనిపించలేదు. కాన్పు ఎంతసేపు పడుతుందో, మధ్యలో ఎటు తిరుగుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

ఈ వృత్తిలోకి రావాలనుకునే మీరు ముందుగా ఒక సంగతి గ్రహించాలి. దూరవిద్యలో మీరు చదువుతున్న డిగ్రీ ఒక్కటే మిమ్మల్ని మిడ్‌వైఫ్‌ను చేయదు. గర్భిణి కడుపు మీద చేయి ఉంచి బిడ్డ తల ఎటు ఉందో పోల్చుకోవడం పుస్తకంతో రాదు. నర్సింగ్ కోర్సును కళాశాలలో, దానికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో రెగ్యులర్‌గా చదవాలి. ఇంటర్మీడియట్ తర్వాత రెండేళ్ల ఏ.ఎన్.ఎం., మూడేళ్ల జి.ఎన్.ఎం., నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్ అనే మూడు దారులున్నాయి. బి.ఎస్సీ.కి ఇంటర్‌లో బైపీసీ చదివి ఉండాలి. ఏ.ఎన్.ఎం.కు ఏ గ్రూపు వారైనా అర్హులే.

జి.ఎన్.ఎం., బి.ఎస్సీ. పూర్తిచేసినవారిని రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ కలిపి నమోదు చేస్తుంది. అంటే కాగితం మీద వీరందరూ మిడ్‌వైఫ్‌లే. ఆచరణలో చాలామంది ఐసీయూలోనో, ఆపరేషన్ థియేటర్‌లోనో స్థిరపడి ప్రసవ గది వైపు మళ్లీ వెళ్లరు. ఈ లోటు తీర్చడానికే కేంద్ర ప్రభుత్వం 2018లో మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు ప్రకటించింది. ప్రసవ గదిలో అనుభవమున్న నర్సులకు పద్దెనిమిది నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చి, మామూలు కాన్పులను స్వతంత్రంగా నిర్వహించగలిగేలా చేయాలన్నది వాటి సారాంశం. శిక్షణ పూర్తిచేసినవారిని నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అంటారు. తెలంగాణ అంతకు ఏడాది ముందే, 2017లో, కరీంనగర్‌లో ఇటువంటి శిక్షణ ప్రారంభించింది.

తెలంగాణకు ఆ తొందర ఎందుకో అంకెలు చెబుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో అది 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. అవసరమైనప్పుడు సిజేరియన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది, అందులో వాదన లేదు. అయితే పదిమందిలో ఆరుగురికి కోత తప్పనిసరి అని నమ్మడం కష్టం. ముహూర్తం చూసి కోయించుకునేవారూ ఉన్నారనుకోండి, అది వేరే పాఠం. నొప్పులు పడుతున్న స్త్రీ పక్కన గంటల తరబడి ఓపికగా ఉండే మనిషి లేకపోవడం కూడా ఇందుకు ఒక ముఖ్య కారణం.

ఆ మనిషి అక్కడ కూర్చుని ఏం చేస్తుంది? బయటి నుంచి చూస్తే ఏమీ చేయనట్టే ఉంటుంది. నడవమంటుంది, నీళ్లు తాగిస్తుంది, నడుము రుద్దుతుంది, వెల్లకిలా పడుకోబెట్టకుండా అనుకూలమైన భంగిమ వెతుకుతుంది. ఆ మధ్యలోనే అరగంటకోసారి బిడ్డ గుండె వింటుంది. నిమిషానికి 110 నుంచి 160 వరకు కొట్టుకుంటే భయం లేదు. గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందో, తల ఎంత దిగిందో, ఉమ్మనీరు ఏ రంగులో ఉందో పార్టోగ్రాఫ్ అనే పటంలో గుర్తిస్తుంది. గీత దారి తప్పితే వెంటనే వైద్యురాలిని పిలుస్తుంది. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తుంది. బిడ్డను తుడిచి తల్లి రొమ్ము మీద ఉంచుతుంది, బొడ్డుతాడు కోయడానికి ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగుతుంది. మాయ పూర్తిగా పడిందా అని చూస్తుంది. రక్తస్రావం అర లీటరు దాటితే అది ప్రమాదం కిందే లెక్క.

పాత మంత్రసానికీ మిడ్‌వైఫ్‌కూ తేడా ఇక్కడే ఉంది. ఓపిక ఇద్దరికీ ఉంది. కానీ రక్తపోటు పెరుగుతున్నదని తెలుసుకునే సాధనం గానీ, రక్తస్రావం ఆపే మందు గానీ మంత్రసాని దగ్గర లేవు. పాతకాలపు పురుళ్లను పొగిడేవారు ఆ పురుళ్లలో పోయిన తల్లులను మరచిపోతారు.

ఇక ఇబ్బందులు. రాత్రి డ్యూటీలు తప్పవు. మీ నిర్ణయాన్ని గౌరవించే వైద్యులు అన్నిచోట్లా ఉండరు. శిక్షణ పొందాక కూడా మిమ్మల్ని వేరే వార్డుకు మార్చవచ్చు. ఇవన్నీ తెలిసే రావాలి.

కళాశాల ఎంచుకునేటప్పుడు భవనం చూసి మోసపోకండి. ఒక కళాశాలలో విద్యార్థినుల కేసు పుస్తకాలు నిండుగా ఉండడం చూసి మెచ్చుకున్నాను. అనుబంధ ఆసుపత్రి ప్రసవ గదికి వెళితే మంచాల మీద దుమ్ము పేరుకుని ఉంది. చేరేముందు మీరు అడగవలసినవి రెండే ప్రశ్నలు: ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? అనుబంధ ఆసుపత్రిలో నెలకు ఎన్ని కాన్పులు జరుగుతాయి? రెండో దానికి జవాబు నోటిమాటగా తీసుకోకండి. ప్రసవ గది రిజిస్టరు చూపించమనండి.