మలుపు తిరిగితే కారు టకటకమంటోందా?

చప్పుళ్ళను చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. టకటక, కిర్రుకిర్రు, కీచు, గరగర, ధబ్. అమ్మమ్మలు వంటింటి గిన్నెలకూ పాత తలుపులకూ వాడిన ఈ మాటలు కారుకూ బాగా పనికొస్తాయి. గరాజుకు వెళ్ళి "ఏదో చప్పుడు వస్తోంది" అంటే మెకానిక్ ఏం చేస్తాడు? ఎలాంటి చప్పుడు, ఎటు తిప్పితే వస్తోంది, కారు కదులుతున్నప్పుడా, ఆగి ఉన్నప్పుడా? ఈ మూడూ చెప్పగలిగితే సగం పని అయినట్టే. క్రియోల్‌లోనే చెప్పండి. కానీ ముందు తెలుగు చెవితో వినండి.

మొదట డిక్కీ ఖాళీ చేయండి. నవ్వకండి. మలుపుల్లో దొర్లే నీళ్ళ సీసా, సరిగ్గా బిగించని జాకీ చాలామందిని భయపెట్టాయి. ఈమధ్య టైరు మార్పించి ఉంటే చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో స్పానరుతో చూడండి. నట్లు వదులైతే మలుపులో టక్కుటక్కుమంటుంది. అలాగే నడిపితే చక్రమే ఊడిపోవచ్చు.

ఇక అసలు టకటక. చిన్న కార్లలో చాలావాటికి ఇంజను బలం ముందు చక్రాలకు వెళుతుంది. ఆ బలాన్ని మోసే ఇరుసు చివర ఒక కీలు ఉంటుంది. మన మోకాలికి కీలు ఉన్నట్టే. చక్రం ఎటు తిరిగినా బలం ఆగకుండా అందించడం దాని పని. దీన్ని సీవీ జాయింట్ అంటారు. ఫ్రెంచిలో అయితే కార్డాన్. లోపల సాధారణంగా ఆరు ఉక్కు గుండ్లు, వాటి చుట్టూ గ్రీజు, పైన మడతలు మడతలుగా రబ్బరు తొడుగు ఉంటాయి. ఆ తొడుగు చిరిగితే గ్రీజు బయటికి పోతుంది, ఇసుకా నీళ్ళూ లోపలికి పోతాయి. గుండ్లు అరిగిపోతాయి. అప్పుడు మొదలవుతుంది టకటక.

పరీక్ష సులువు. ఖాళీగా ఉన్న కారు పార్కుకు వెళ్ళి అద్దాలు దించండి. స్టీరింగు పూర్తిగా ఒకవైపు తిప్పి, మెల్లగా గుండ్రంగా నడపండి. తర్వాత రెండోవైపు. యాక్సిలరేటరు కొంచెం నొక్కినప్పుడు టకటక వేగం పెరిగితే ఈ కీలునే అనుమానించాలి. తర్వాత కారు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, టార్చితో చక్రం వెనక చూడండి. అక్కడ నల్లటి గ్రీజు చిమ్మి ఉందా? చప్పుడు రాకముందే ఇది కనిపిస్తే మీరు అదృష్టవంతులు. తొడుగు మార్చి, కొత్త గ్రీజు పెడితే చాలావరకు సరిపోతుంది. టకటక మొదలయ్యాక ఇక గ్రీజుతో పోదు. కీలైనా మార్చాలి, ఇరుసైనా మార్చాలి. అందుకే సర్వీసుకు వెళ్ళినప్పుడల్లా ఆ రబ్బరు తొడుగుల్ని చూడమని అడగండి. అడగకపోతే చూడని వాళ్ళూ ఉన్నారు.

గుయ్‌మనే చప్పుడు వేరు. దూరంగా విమానం పోతున్నట్టు ఉంటుంది. వేగం పెరిగితే అదీ పెరుగుతుంది. ఇది చక్రాల బేరింగు కావచ్చు. దీన్ని పట్టుకోవడానికి మారిషస్ రోడ్లు మంచి చోటు, ఎందుకంటే మనకు రౌండబౌట్లకు లోటు లేదు. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి రౌండబౌట్‌లో కుడికి తిరుగుతూ ఉంటాం. అప్పుడు కారు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అక్కడ గుయ్ పెరిగి, బయటికి రావడానికి ఎడమకు తిప్పగానే తగ్గితే, ఎడమ బేరింగును చూపించండి. ఫ్రాన్స్‌లో తీసిన వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళకు ఒక మాట. అక్కడ కుడివైపు నడుపుతారు, రౌండబౌట్‌లో ఎడమకు తిరుగుతారు. కాబట్టి వాళ్ళు చెప్పిన వైపు మనకు తారుమారవుతుంది. టైరు ఎగుడుదిగుడుగా అరిగినా ఇలాంటి గుయ్ వస్తుంది, కానీ మలుపు తిప్పితే అది అంతగా మారదు.

కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పితే కిర్రుకిర్రుమంటోందా? ముందు స్ప్రింగు పైన ఉండే మౌంటు అరిగి ఉండవచ్చు. ఒకరు స్టీరింగు తిప్పుతుంటే ఇంకొకరు వినాలి. స్ప్రింగు మీద చెయ్యి పెట్టకండి, చెవి దగ్గర పెడితే చాలు. క్యూర్‌పిప్ వానల్లో పొద్దున్నే వచ్చే కీచు ఎక్కువగా బెల్టుది. స్టీరింగు చివరిదాకా తిప్పినప్పుడు మూలిగినట్టు వినిపిస్తే పవర్ స్టీరింగు నూనె చూడండి. నూనె తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. పోస్తూ కూర్చోవద్దు, కారే చోటు వెతికించండి. కొత్త కార్లలో చాలావాటికి ఈ నూనే ఉండదు, కరెంటు మోటారు ఉంటుంది.

గరగర వినగానే కంగారు పడకండి. బ్రేకు డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉండవచ్చు. సముద్రపు గాలికి ఆ రేకు తుప్పు పట్టి వంగినా ఇలాగే అరుస్తుంది.

కంగారు పడాల్సింది "ధబ్" విన్నప్పుడు. మలుపులోనూ, స్పీడ్ బ్రేకరు మీదా ధబ్‌మంటే, స్టీరింగు కూడా వదులుగా అనిపిస్తే, బాల్ జాయింటు అరిగి ఉండవచ్చు. ఫ్రెంచిలో రొత్యుల్. చక్రాన్ని నిలబెట్టే గుండు అది. పూర్తిగా ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది, కారు రోడ్డు మీద కూలబడుతుంది. షమరెల్ కొండ మలుపుల్లో అలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ చప్పుడుతో "ఆదివారం సముద్రానికి వెళ్ళొచ్చాక చూద్దాం" అనుకోకండి. గరాజు దూరమైతే కారును మోయించుకుని వెళ్ళండి. జాకీ మీద లేపిన కారు కిందికి మీరు దూరవద్దు.

గరాజులో తాళం ఇచ్చి వచ్చేయకుండా మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, చప్పుడు వచ్చే మలుపు ఒకసారి తిప్పి వినిపించండి. కొన్ని చప్పుళ్ళు ఇంజను వేడెక్కాకే వస్తాయి, కొన్ని పొద్దున చలిలోనే. అవి ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. బాల్ జాయింటు గానీ స్ప్రింగు దగ్గరి మౌంటు గానీ మార్చాక చక్రాల అలైన్‌మెంటు సరిచూడమనండి. లేకపోతే కొత్త టైర్లు ఒకవైపే అరిగిపోతాయి.