జబ్బును జబ్బుగా చూడటం నేర్పే చదువు

2015 సెప్టెంబరులో నిజామాబాదు ఆసుపత్రులు ఉన్నట్టుండి కిటకిటలాడాయి. కల్తీ కల్లుపై ప్రభుత్వం దాడులు ముమ్మరం చేయడంతో అప్పటిదాకా రోజూ తాగినవారికి అది దొరకలేదు. చేతులు వణికాయి, నిద్ర పోయింది. కొందరికి మూర్ఛలు వచ్చాయి. కొందరు లేనివి కనిపిస్తున్నాయని కేకలు పెట్టారు, కన్నవారినే గుర్తుపట్టలేకపోయారు. ఆ కల్లులో కలిపింది ఆల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తుమందులు. ఏళ్ల తరబడి వాటికి అలవాటుపడిన మెదడు అవి హఠాత్తుగా ఆగిపోతే ఇలాగే అల్లాడుతుంది.

తెలియనివారు దీన్ని పిచ్చి అన్నారు, గాలి సోకిందన్నారు. క్లినికల్ సైకాలజీ విద్యార్థి మనోవ్యాధి శాస్త్రంలో మొదట నేర్చుకునేది ఇక్కడే. లక్షణం ఒకటే అయినా కారణాలు అనేకం. భ్రాంతి మత్తు ఆగినందువల్ల రావచ్చు, తీవ్ర జ్వరంవల్ల రావచ్చు, స్కిజోఫ్రీనియావల్లా రావచ్చు. ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఏమి జరిగింది అని అడగకుండా పేరు పెట్టకూడదు. మత్తు హరామ్ అన్నది నిస్సందేహం. అయితే ఆ మాట చాటున రోగిని ఇంట్లో దాచిపెట్టే కుటుంబాలు అతని ప్రాణాన్నే పణంగా పెడుతున్నాయి. మూర్ఛలు వస్తున్న మనిషికి ముందు కావలసింది ఆసుపత్రి, ఉపదేశం కాదు.

ఈ విచక్షణ మనకు కొత్తది కాదు. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహాన్నీ మనసునూ కలిపి చర్చించిన తన గ్రంథంలో, కారణం తెలిసిన దుఃఖాన్నీ కారణం కనిపించని దుఃఖాన్నీ వేరుచేశాడు. మొదటిదానికి ఓదార్పు, ఆలోచనను సరిదిద్దడం. రెండోదానికి శరీర చికిత్స కూడా.

ఆ భేదం బోధన్‌లో పనికొస్తుంది. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. జీతం ఆగిన తండ్రి దిగులుకు కారణం అందరికీ తెలుసు. కాని ఆ ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లవాడికి దిగులు కలిగితే అది దిగులులా కనబడదు. కడుపునొప్పి అంటాడు, బడికి పోనంటాడు, చిన్నదానికే విసురుకుంటాడు, మానిన పక్కతడుపు మళ్లీ మొదలవుతుంది. పెద్దల లక్షణాల పట్టికతో పిల్లలను చూడరాదని ఈ చదువు నొక్కి చెప్పేది ఇందుకే. పిల్లవాడితోపాటు తల్లినీ, ఉపాధ్యాయుణ్ణీ విడివిడిగా అడగాలి.

మా దృష్టిలో మరింత బరువైన విషయం భాష. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే బిడ్డకు తెలివితేటల పరీక్ష ఏ భాషలో పెట్టాలి? అర్థంకాని ప్రశ్నకు మౌనంగా ఉన్న పిల్లకు బుద్ధిమాంద్యం ముద్ర పడితే దాన్ని చెరిపేదెవరు?

అందుకే రెండు భాషలూ వచ్చిన మన అమ్మాయిలు ఈ రంగంలోకి రావాలి. తమ ఆడవైద్యురాలి ముందు తప్ప నోరు విప్పని తల్లులు మన ఇళ్లలో ఎందరో! ఎం.ఏ. సైకాలజీ తరువాత ఆసుపత్రిలో పర్యవేక్షణలో సాగే రెండేళ్ల ఎం.ఫిల్. చాలాకాలంగా ఈ వృత్తికి ద్వారం. ఇప్పుడు కోర్సుల రూపం మారుతోంది కనుక, చేరబోయే కోర్సుకు భారత పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టేముందే చూసుకోవాలి. మందులు రాయడం మానసిక వైద్యుల పని. పరీక్షించడం, మాటలతో చికిత్స చేయడం వీరి పని. చికిత్స ఇప్పుడే కావలసినవారు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.