మెనూ మీటర్ వెనక్కి ఎందుకెళ్లింది? లైట్‌వెయిట్ కాంపోనెంట్ల కథ

ఈరోజు నా పరువు తీసిన ఒక మెనూతో మొదలుపెడదాం.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ డెమో. జావా స్వింగ్‌లో విండో, మధ్యలో నేను సొంతంగా గీసిన స్పీడ్ మీటర్. "ఫైల్ మెనూ ఓపెన్ చెయ్యి బాబూ" అన్నారు మేడమ్. నొక్కాను. మెనూ వచ్చింది, కానీ సగం మీటర్ వెనకాల దాక్కుంది. ఎర్రర్ మాత్రం ఒక్కటీ లేదు.

తప్పు ఒక్క లైన్లో ఉంది. నా మీటర్ క్లాసుకి పేరెంట్‌గా 'కాన్వాస్'ని పెట్టాను.

1996లో జావాతో పాటు వచ్చిన ఏడబ్ల్యూటీలో ప్రతి బటన్ వెనకా ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే అసలు బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని పీర్ అంటారు. పీర్ ఉన్నవి హెవీవెయిట్. కాన్వాస్ కూడా ఆ జాతే. లైట్‌వెయిట్‌కి సొంత పీర్ ఉండదు, తనున్న విండో మీదే జావా దాన్ని గీసేస్తుంది. గోడ మీద వేసిన బొమ్మకీ, గోడకి తగిలించిన ఫోటోకీ ఉన్న తేడా అన్నమాట. బొమ్మ ఎంత బాగా వేసినా ఫోటో ముందుకి రాదు కదా! నా మెనూ బొమ్మ, మీటర్ ఫోటో. జేడీకే 6 అప్‌డేట్ 12లో దీన్ని చాలావరకు సరిచేశారు. మా ల్యాబ్‌లో ఉన్నది అంతకన్నా పాతది, నా ఖర్మ.

ఇప్పుడు వంశవృక్షం చూడండి. 1998లో జావా 1.2తో స్వింగ్ అసలు లైబ్రరీలో చేరింది. అందులో 'కాంపోనెంట్' కింద 'కంటైనర్', దాని కింద 'జేకాంపోనెంట్', జేలేబుల్, జేబటన్ లాంటివన్నీ దాని కిందే. అంటే జేలేబుల్ కూడా కంటైనరే! లేబుల్లోకి బటన్‌ని యాడ్ చేసినా కంపైలర్ కిక్కురుమనదు. పాత ఏడబ్ల్యూటీ మీదే కట్టాల్సి రావడంతో పడిన రాజీ ఇది, నాకైతే నచ్చదు. మీ ఫోన్లో ఆండ్రాయిడ్ ఇక్కడ నయం. 'వ్యూ' వేరు, పిల్లల్ని పెట్టుకునే 'వ్యూగ్రూప్' వేరు. టెక్స్ట్‌వ్యూ లోపల బటన్ పెడతానంటే కుదరదు.

ఇంకో చిక్కు. జేఫ్రేమ్‌కి అసలు విండో కావాలి కాబట్టి అది హెవీవెయిటే, పాత 'ఫ్రేమ్' కూతురు. జేకాంపోనెంట్ వంశం కాదు. అందుకే టూల్‌టిప్ పెట్టే మెథడ్ జేఫ్రేమ్‌లో దొరకదు. పేరులో 'జే' చూసి నేనూ వెతికాను లెండి.

ఆ రాత్రి హాస్టల్లో పేరెంట్‌ని జేకాంపోనెంట్‌గా మార్చాను. గీసే కోడ్‌ని 'పెయింట్' నుంచి 'పెయింట్‌కాంపోనెంట్'లోకి జరిపాను. ఎందుకంటే జేకాంపోనెంట్‌లో బోర్డర్నీ, లోపలి పిల్లల్నీ గీయించేది 'పెయింట్'. దాన్ని మనం మింగేస్తే అవి కనబడవు. రన్ చేశాను, మెనూ మీటర్ మీదికి హాయిగా వచ్చింది.

మార్కులు మాత్రం పొద్దున్నే వేసేశారు.